మొగ్గు

బల్ల మీద ఉడికించిన గుడ్డు పెడితే
ఎడమకు దొర్లింది.
ఇవో వంగి చూసి, చెవి వెనక పెన్సిల్ తీసి
"నాలుగు వేళ్ళ ఒరుగు" అని రాసుకున్నాడు.
పడవకి ఐదేళ్ళకోసారి ఈ పరీక్ష.
పొట్ట కింద తుప్పు లేదట, పొయ్యి గొట్టం గట్టిగానే ఉందట.
"ఈ గోడే, గెర్లిండ్.
ఈ గోడే నిన్ను కాలువలోకి వంచుతోంది."

ఆ గోడ వాన్నెస్‌ది.
గెంట్‌లో ఆదివారం సంతలన్నీ తిరిగి
చంకన పెట్టుకుని మోసుకొచ్చిన పదకొండు అరలు.
కాలువల చరిత్రలు, నీటి పక్షుల పేర్లు,
అట్టలూడిన డిటెక్టివ్ నవలలు,
ఒక్క అక్షరం రాకపోయినా బొమ్మలు నచ్చి కొన్న
హంగేరీ వంటల పుస్తకం.

చేపలు తూచే కొక్కెం త్రాసు తీశాను.
సంచికి ఇరవై, మళ్ళీ సంచికి ఇరవై.
ఆరువందల నలభై కిలోలు.
బతికున్నప్పుడు ఆయన డెబ్బై రెండు.
ఆయన కుర్చీ కుడివైపు ఉండేది.

ఫెమ్కె ఒక పలక తెచ్చిచ్చింది.
"అత్తా, ఈ-బుక్కులన్నీ ఇందులోనే" అంది.
త్రాసుకి తగిలిస్తే ముల్లు కదల్లేదు.
ఒక పుస్తకం నింపి తూచాను,
మూడొందలు నింపి తూచాను.
ముల్లుకి తేడా తెలియలేదు.
నాకైనా తెలియాలి కదా అనుకున్నాను.

అబద్ధమెందుకు, సుఖంగానే ఉంది.
అక్షరాన్ని చిక్కుడు గింజంత చేసుకోవచ్చు.
చేతులు దుప్పట్లో దాచుకుని
ముక్కుతో పేజీ తిప్పొచ్చు.
జనవరిలో అది చిన్న వరం కాదు.
చెమ్మకి ఉబ్బదు, బూజు పట్టదు.
లైటు వేస్తే విసుక్కునే మనిషి లేడు గానీ
లైటు కూడా అక్కర్లేదు.

ఒక రాత్రి, ఆయనకి ఇష్టమైన నవలే చదువుతుంటే
ఒక వాక్యం కింద చుక్కల గీత.
నూట పద్నాలుగు మంది దీన్ని గుర్తు పెట్టుకున్నారట.
లేచి, చెప్పులు వెతుక్కుని, సంచులు తవ్వి
ఆయన ప్రతి బయటికి తీశాను.
ఆ వాక్యం పక్కన ఏమీ లేదు.
రెండు పేజీల తర్వాత, ఎవరూ ఆగని చోట,
వాన ఆగిందని చెప్పే ఉత్త వాక్యం పక్కన
పెన్సిల్‌తో నిలువు గీత. "అవును" అని.
జీవితంలో ఆయన వాదించకుండా ఒప్పుకున్న మాట
అదొక్కటేనేమో.

అయినా మార్చిలో వ్యాన్ వచ్చింది.
సంచులన్నీ గట్టెక్కి ఫెమ్కె గ్యారేజీకి పోయాయి.
ఖాళీ అరల్లో గొంతు మోగింది, నాదే.
ఆ సాయంత్రం గుడ్డు పెట్టాను.
కుడికి దొర్లింది.
కిందపడి పగిలింది కూడా.

ఫోన్ చేస్తే ఇవో నవ్వాడు.
కుడిపక్క నీళ్ళ ట్యాంకు, పొయ్యి, బొగ్గు పెట్టె.
ఇన్నాళ్ళూ వాటికి ఎదురు నిలబడింది ఆ గోడేనట, కాస్త ఎక్కువగా.
"మూడొందల కిలోలు ఎడమన పడెయ్.
ఇనుప దిమ్మెలు దొరుకుతాయి, ఇటుకలైనా సరే.
బరువైతే చాలు."

బరువైతే చాలు.

గ్యారేజీలో మోకాళ్ళ మీద కూర్చుని ఏరాను.
ఏది మంచిదని చూడలేదు, ఏది బరువని చూశాను.
కాలువల చరిత్ర ఆరు సంపుటాలూ వచ్చాయి.
నునుపు కాగితం పుణ్యమా అని హంగేరీ వంటలు వచ్చాయి.
చివర్లో మోసం చేశాను:
వాన ఆగిన నవల, నూట ఎనభై గ్రాములు.

ఇప్పుడు రాత్రిళ్ళు పలక మీదే చదువుతాను.
ఎడమన, కింది అరల్లో, ఆయన కాగితం
తెరవకపోయినా తన పని తాను చేసుకుంటుంది.
నీ మొగ్గు ఎటని ఫెమ్కె అడిగితే
గుడ్డు తెచ్చి బల్ల మీద పెట్టాను.
కొంచెం ఊగి, ఆగింది.
పక్కనించి ఇసుక పడవ పోయింది,
మళ్ళీ ఊగింది.